మన రైలు దారిలో విజ్ఞాన నగరాలు

 

యూరప్ యాత్రకు వెళ్ళేవాళ్ళు మామూలుగా చర్చిలు, రాజభవనాలు, చిత్రశాలలు చూసి వస్తారు. కొందరు మాత్రం వేరే పద్ధతిలో ఊళ్ళు చూస్తారు. పారిస్ వెళితే నేలలో పొదిగిన కంచు బిళ్ళలను వెతుక్కుంటూ నడుస్తారు. ఒకప్పుడు ఫ్రాన్స్ వాళ్ళు భూగోళం మీద గీసుకున్న సున్నా రేఖ ఆ ఊరి మధ్య నుంచి పోయేది. దాని గుర్తుగా 1994లో 135 బిళ్ళలు పొదిగారు. లండన్ వెళితే గ్రీనిచ్‌లో రేఖకు అటొక కాలు ఇటొక కాలు వేసి ఫోటో దిగుతారు. 1854లో కలరా నీటి వల్లే వస్తుందని జాన్ స్నో అనే డాక్టరు చూపించిన వీధి పంపు ఎక్కడుండేదో కనుక్కుంటారు. ఊరిని దాని సైన్సు చరిత్ర ద్వారా చూడడమన్నమాట. ఇది మంచి పద్ధతి. మ్యూజియంలో రెండు గంటలు తిరిగినదానికంటే ఒక పంపు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఎక్కువ గుర్తుంటుంది.

అయితే ఇలాంటి వ్యాసాలు చదివిన మన పిల్లలకు ఒక నష్టం కూడా జరుగుతోందని నా అభిప్రాయం. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలలో "సైన్సుకు పేరుపడ్డ ఊళ్ళు నాలుగు చెప్పమ్మా" అని అడిగితే పారిస్, లండన్, జెనీవా అంటారు. బాగా చదివినవాళ్ళయితే బెంగళూరు కలుపుతారు. సికింద్రాబాద్‌లో మేనమామ ఉన్న అమ్మాయి కూడా సికింద్రాబాద్ పేరు చెప్పలేదు. చంద్రపూర్ సంగతి సరే సరి. సైన్సు ఎక్కడో పుట్టి మన దగ్గరికి పుస్తకం రూపంలో వస్తుందనుకునే పిల్లలు, బారావీ అయ్యాక "మనలాంటివాళ్ళకెందుకులే సార్" అంటారు. మార్కులుండీ ఆ మాటన్నవాళ్ళను చూశాను. అందుకే ఈ వ్యాసం.

నేను కామర్సు చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. సైన్సులోని లోతు నా నుంచి ఆశించవద్దు. కాని ఏ లెక్క ఎక్కడ రాశారు, ఎవరు రాశారు, తాళా పడిందా లేదా అని చూడడం నా అలవాటు. ఆ అలవాటుతోనే హింగన్‌ఘాట్, వరోరా, చంద్రపూర్, బల్లార్షా, కాజీపేట మీదుగా ఒక వైపు సికింద్రాబాద్‌కు, మరో వైపు విజయవాడకు పోయే మన రైలు దారిని ఒకసారి చూద్దాం. ఈ దారిలో యూరప్ ఊళ్ళకు ఏమాత్రం తీసిపోని చోట్లున్నాయి.

మన ఊరి పేరుతో ఒక ఖండం

ముందు మన కాళ్ళ కింద చూద్దాం. ఈ బులెటిన్ చదివే ఇళ్ళలో సగానికి పైగా బొగ్గు గనితో ఏదో ఒక సంబంధం ఉన్నవే. వరోరాలో 1870లలో గని మొదలైనప్పటి నుంచి తెలుగు కుటుంబాలు ఈ బొగ్గును నమ్ముకుని ఇటు వస్తూనే ఉన్నాయి. ఆ బొగ్గు ఏమిటి? సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ కింద ఇక్కడ చిత్తడి అడవులుండేవి. ఆ చెట్లు పడి, కుళ్ళకుండా బురదలో కూరుకుపోయి, పైన ఇసుక, మట్టి పొరలు పేరుకుని, ఆ బరువుకూ వేడికీ బొగ్గయ్యాయి. బొగ్గు పొరల మధ్య వచ్చే నల్లని పలక రాతిని చీలిస్తే ఒక్కొక్కసారి ఆకు అచ్చు కనబడుతుంది. నాలుక ఆకారంలో ఉంటుంది, మధ్యలో ఈనె, దాని నుంచి రెండు వైపులా వల అల్లినట్టు సన్నని ఈనెలు. దాని పేరు గ్లోసాప్టెరిస్. 1828లో పారిస్‌లో బ్రోన్యార్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. గ్రీకులో గ్లోసా అంటే నాలుక.

ఈ రాళ్ళ వరుసకంతటికీ ఒక ఉమ్మడి పేరు కావలసి వచ్చింది. భారత భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన మెడ్లికాట్ 1872లో 'గోండ్వానా' అని వాడాడు. గోండుల సీమ అని అర్థం. అంటే ఇక్కడ కోట కట్టి ఏలిన రాజుల జాతి పేరు, మనం రోజూ సంతలో చూసే మనుషుల పేరు. తర్వాత ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఎడ్వర్డ్ స్యూస్ అనే ప్రొఫెసర్ ఒక సంగతి గమనించాడు. ఇదే ఆకు భారతదేశంలోనూ ఆఫ్రికాలోనూ దొరుకుతోంది. గాలికి కొట్టుకుపోయి సముద్రాలు దాటే రకం కాదు. కాబట్టి ఈ భూభాగాలు ఒకప్పుడు కలిసి ఉండాలి అన్నాడు. 1885లో ఆ పురాతన ఖండానికి 'గోండ్వానాలాండ్' అని పేరు పెట్టాడు. గోండ్వానా అంటేనే గోండుల సీమ కదా, మళ్ళీ 'లాండ్' ఎందుకు తగిలించాడో ఆయనకే తెలియాలి! మధ్యలో ఉన్న నేల సముద్రంలో మునిగిపోయిందని స్యూస్ అనుకున్నాడు. ఖండాలే కదిలి విడిపోయాయన్న సంగతి తరువాతి తరాలు తేల్చాయి. ఆ స్యూస్‌నే వియన్నా ప్రజలు మరో కారణానికి కూడా తలచుకుంటారు. కొండల ఊట నీళ్ళను ఆ నగరానికి తెచ్చే కాలువ పథకానికి ఆయనే ముందు నిలబడ్డాడు. 1873లో ఆ నీళ్ళు ఊరికి చేరాయి.

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. కెప్టెన్ స్కాట్, ఆయన బృందం 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరుగుదారిలో మంచులో చనిపోయారు. కొన్ని నెలల తర్వాత వెతకడానికి వెళ్ళినవాళ్ళకు ఆ గుడారం వద్ద సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. నడవలేని స్థితిలో, తిండి లేకుండా, ఆ బరువును బండి మీద లాక్కుంటూ వచ్చారు. ఆ రాళ్ళలో ఉన్నది గ్లోసాప్టెరిస్ ఆకు. మన గని తవ్వితే పక్కన పారబోసే మట్టి దిబ్బల్లో ఉండేదే. (తల్లిదండ్రులకు మనవి: గని దిబ్బల దగ్గరికి పిల్లలను పంపవద్దు, అవి జారతాయి, పైగా అనుమతి లేదు. గనిలో పనిచేసే పెద్దలు ఇలాంటి పలక కంటబడితే అధికారులనడిగి తెచ్చి పిల్లలకు చూపించవచ్చు.)

సిరోంచకు రైలు లేదు, ఎస్.టి. బస్సే గతి. కాని ఆ ప్రస్తావన లేకుండా ఈ భాగం ముగించలేను. సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున కోటా అనే పల్లె ఉంది. అక్కడి సున్నపురాతిలో చేపల శిలాజాలు దొరికాయి కనుక ఆ పొరలకు ప్రపంచమంతటా 'కోటా ఫార్మేషన్' అనే పేరు. ఈ ప్రాణహిత–గోదావరి లోయలోని ఆ పొరల నుంచే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1960 ప్రాంతంలో ఒక పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం. అందుకని 1975లో దానిని శాస్త్రీయంగా వర్ణించినప్పుడు బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. 'బారా పా' అంటే బెంగాలీలో పెద్ద కాలు. అదే పొరల్లో తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకొక డైనోసార్‌కు 1988లో భూగర్భ సర్వే శాఖకు చెందిన యాదగిరి గారు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒకే జంతువు పేరులో రెండు పల్లెలు! దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

హింగన్‌ఘాట్‌లో ఒక సమాధి

మన ఊరి నుంచి వార్ధా వైపు పోయే రైలెక్కితే వరోరా తర్వాత హింగన్‌ఘాట్ వస్తుంది. పత్తి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. 1823 జనవరిలో హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు బండ్లు, ఏనుగులు, పరికరాలతో ఒక పటాలం వస్తూ ఇక్కడ ఆగింది. దాని అధిపతి విలియం లాంబ్టన్ జబ్బుపడి ఇక్కడే చనిపోయాడు. సమాధి ఈ ఊళ్ళోనే ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళనడిగి వెళ్ళాలి. పారిస్‌లోలాగా కంచు బిళ్ళలు దారి చూపించవు.

లాంబ్టన్ ఏం చేశాడు? భూమిని కొలిచాడు. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టి, తరువాత కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి, 78వ రేఖాంశం వెంట త్రిభుజాల మీద త్రిభుజాలు కట్టుకుంటూ వచ్చాడు. (అట్లాసు తీయండి. మన చంద్రపూర్ 79 దాటి కొంచెం అవతల ఉంటుంది.) ఆయన పోయాక శిష్యుడు జార్జ్ ఎవరెస్ట్ ఆ పని కొనసాగించి 1841లో హిమాలయాల పాదాల దగ్గర ముగించాడు. మొత్తం సుమారు 2,400 కిలోమీటర్లు. దీనినే గ్రేట్ ఆర్క్ అంటారు. దీని మీద ఆధారపడే తరువాత హిమాలయ శిఖరాల ఎత్తులు లెక్కకట్టారు. ఎత్తైన శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు, లాంబ్టన్‌కు హింగన్‌ఘాట్ మిగిలింది. ఆ శిఖరం లెక్కను 1852లో తేల్చిన గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్‌కు శిఖరమూ లేదు, రేఖా లేదు. ఖాతా రాసినవాడి పేరు ఖాతాలో ఉండదని మా బ్యాంకులో కూడా అనుకునేవాళ్ళం.

పద్ధతి దహావీ త్రికోణమితిలో ఉన్నదే, కొత్తదేమీ కాదు. ఇది పాఠం కనుక కొంచెం నిదానంగా చెబుతాను. మీరు ఇరై నది ఇవతలి ఒడ్డున నిలబడ్డారు. అవతలి ఒడ్డున ఒక చెట్టుంది. నది దాటకుండా ఆ చెట్టు ఎంత దూరమో చెప్పాలి. చెట్టుకు సరిగ్గా ఎదురుగా ఒక మేకు పాతండి, అది అ. అక్కడి నుంచి ఒడ్డు వెంట, చెట్టు చూపుకు లంబంగా, 100 మీటర్లు టేపుతో కొలిచి ఇంకొక మేకు పాతండి, అది ఆ. ఇప్పుడు ఆ దగ్గర నిలబడి, మీరు నడిచి వచ్చిన గీతకూ చెట్టు చూపుకూ మధ్య కోణం కొలవండి. 45 డిగ్రీలు వస్తే అ నుంచి చెట్టు దూరం సరిగ్గా 100 మీటర్లు. 60 డిగ్రీలు వస్తే 100ను టాన్ 60తో, అంటే 1.732తో గుణించండి. 173 మీటర్లు. అంతే. ఒక్క గీతను మాత్రమే కాలితో నడిచి కొలిచారు, మిగిలినదంతా కంటితో, కోణంతో. ఆ వచ్చిన 173 మీటర్లే రెండో త్రిభుజానికి ఆధారం అవుతుంది, దాని భుజం మూడోదానికి. అలా కొండ నుంచి కొండకు, గోపురం నుంచి గోపురానికి.

ఇప్పుడు అసలు విషయం చూడండి. ఆ కోణం కొలవడంలో ఒక్క డిగ్రీ పొరపాటు పడి 60 బదులు 61 అనుకున్నారనుకోండి. టాన్ 61 అంటే 1.804. దూరం 180 మీటర్లయింది. ఒక్క డిగ్రీకి ఏడు మీటర్లు పోయింది! దాని మీద రెండో త్రిభుజం, మూడోది, వందోది కడితే తప్పు ఎంత పెరుగుతుందో ఊహించండి. వడ్డీ మీద వడ్డీ లాంటిదే. అందుకే లాంబ్టన్ ఇంగ్లండ్ నుంచి అర టన్ను బరువుండే థియోడొలైట్ తెప్పించాడు. కోణం కొలిచే పరికరమది. దారిలో ఆ ఓడను ఫ్రెంచివాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. ఇది శాస్త్రానికి సంబంధించినదని తెలిశాక మర్యాదగా పంపించేశారు. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది, చక్రం వంగింది. లాంబ్టన్ దాన్ని విప్పి, రోజుల తరబడి కూర్చుని, మళ్ళీ గుండ్రంగా తెచ్చాడు.

మద్రాసులో మొదటి గీత పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు. కొలిచింది 100 అడుగుల ఉక్కు గొలుసుతో. లెక్క వేయండి: దాదాపు 400 సార్లు గొలుసు పరచాలి. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక ప్రతిసారీ ఉష్ణోగ్రత చూడాలి. 57 రోజులు పట్టింది. తొందరపడి రెండు వారాల్లో ముగించి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు, కాని ఆ తప్పు హిమాలయాల దాకా వెళ్ళేది.

పారిస్ సంగతితో పోల్చి చూద్దాం. లాంబ్టన్‌కు పదేళ్ళ ముందు, 1792లో, దెలాంబ్ర్, మెషాఁ అనే ఇద్దరు ఇదే పద్ధతిలో ఫ్రాన్స్‌లోని డంకర్క్ నుంచి స్పెయిన్‌లోని బార్సిలోనా వరకు కొలవడం మొదలుపెట్టారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటో వంతును ఒక మీటరు అనాలని వాళ్ళ నిర్ణయం. ఇవాళ మీ స్కేలు మీద ఉన్న మీటరు పుట్టుక అదే. అందులో మెషాఁకు బార్సిలోనాలో రెండు లెక్కలు తాళా పడలేదు. తేడా చాలా చిన్నది. అయినా ఆయన దానిని దాచిపెట్టి, జీవితాంతం కుమిలిపోయి, ఆ కొలతను ఇంకా పొడిగించి సరిచేయాలని మళ్ళీ స్పెయిన్ వెళ్ళి 1804లో జ్వరంతో చనిపోయాడు. ఆయన కాగితాలు చూసిన తర్వాతే దెలాంబ్ర్‌కు విషయం తెలిసింది. నిజానికి ఆ తేడాలో మెషాఁ నిర్లక్ష్యమేమీ లేదు. పరికరానికీ హద్దులుంటాయి, భూమి కూడా అంత నున్నటి గోళం కాదు. తాళా పడని లెక్కను దాస్తే ఎంత బరువో, బయటపెడితే అది ఎంత తేలికో బ్యాంకు కౌంటర్లో కూర్చున్న ఎవరినైనా అడగండి.

జ్వరం అన్నాను కదా. ఎవరెస్ట్ కూడా ఉద్యోగం మొదట్లోనే కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలకు పోయి తీవ్రమైన జ్వరం తెచ్చుకున్నాడు. ఆయనే కాదు, వెంట ఉన్నవాళ్ళలో చాలామంది పడిపోయారు. కోలుకోవడానికి ఆయన 1820లో దక్షిణాఫ్రికా వెళ్ళవలసి వచ్చింది. ఆ అడవి జ్వరానికి కారణం ఏమిటో అప్పుడెవరికీ తెలియదు. చెడ్డ గాలి అనుకునేవారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే చెడ్డ గాలి. అసలు కారణం ఇంకా దాదాపు ఎనభై ఏళ్ళకు, అదే నిజాం రాజ్యంలో బయటపడింది.

సికింద్రాబాద్: ఎనిమిది అణాల ఖర్చు

1897 ఆగస్టు. బేగంపేటలోని మిలిటరీ ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమలు కోసి మైక్రోస్కోపు కింద చూస్తున్నాడు. అంతకు ముందు రెండేళ్ళుగా అదే పని. లండన్‌లో ఉన్న ప్యాట్రిక్ మాన్సన్ అనే గురువుకు ఉత్తరాలు రాస్తూ, ఆయన సలహాలు తీసుకుంటూ వందల దోమలు చూశాడు, ఏమీ కనబడలేదు. కారణం చాలా చిన్నది: అవి ఆ రకం దోమలు కావు. ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు కొన్ని దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటి చేత కుట్టించాడు. రక్తం తాగిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆయనకు ఎనిమిది అణాలు ఇచ్చాడు. ఈ కాలం పిల్లలకు: 16 అణాలు ఒక రూపాయి. అంటే అర్ధ రూపాయి.

ఉక్కపోత. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న, దోమ కుట్టిన నాలుగో రోజున, ఒక దోమ కడుపు గోడలో గుండ్రని కణాలు, వాటిలో మలేరియా క్రిమికి ఉండే నల్లని రేణువులు కనబడ్డాయి. మర్నాడు మిగిలిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవిగా కనబడ్డాయి. పెరుగుతున్నాయంటే బతికి ఉన్నాయన్నమాట. క్రిమి దోమలోనే పెరుగుతుందని తేలింది. వెంటనే రాస్‌కు బదిలీ అయింది. ఉద్యోగస్థులకు ఇది కొత్త కాదు కదా! మిగిలిన పని 1898లో కలకత్తాలో పక్షుల మీద చేసి, దోమ కాటు ద్వారానే వ్యాధి పాకుతుందని చూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషులకు మలేరియా తెచ్చేది అనాఫిలిస్ దోమ అని 1898లో రోమ్ నగరంలో గ్రాస్సీ బృందం చూపించింది. ఎవరిది ముందు అన్న తగాదా ఇద్దరి మధ్య చివరిదాకా తీరలేదు.

రాస్ పనిచేసిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో ఆయన పేరుతో ఉంది. వెళ్ళే ముందు చూడనిస్తారో లేదో కనుక్కోండి. గడ్చిరోలి వైపు బంధువులున్నవాళ్ళకు మలేరియా సంగతి నేను చెప్పనక్కరలేదు. వానాకాలంలో మూత లేని నీళ్ళ డ్రమ్ములో తోక ఆడించే పిల్లపురుగులను చూసి ఆ డ్రము వంచేసే ప్రతి తల్లీ ఆ ఎనిమిది అణాల ఫలితాన్ని వాడుకుంటున్నట్టే.

హైదరాబాద్‌లో ఇంకా రెండు చెప్పాలి, క్లుప్తంగానే చెబుతాను. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇవ్వడానికి క్లోరోఫామ్‌ను 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ వాడాడు. కొందరు రోగులు బల్ల మీదే చనిపోయేవారు. గుండె ఆగా, ఊపిరి ఆగా అన్నది ప్రశ్న. 1888, 1889లలో హైదరాబాద్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి, నిజాం ఖర్చు పెట్టుకున్నాడు. ఊపిరే కారణమని తేల్చారు. 1911లో లండన్‌లో లెవీ గుండె కూడా ఆగగలదని నిరూపించాడు. అంటే హైదరాబాద్ తీర్పు నిలబడలేదు. దాన్ని కూడా చరిత్రలో రాసుకోవాలి, దాచనవసరం లేదు. అక్కడి వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరు. తరువాత ఎడిన్‌బరో వెళ్ళి కూడా చదివింది. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ పేరు గుర్తుంచుకోవాలని మనవి.

రెండోది నిజామియా నక్షత్రశాల. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో మొదలుపెట్టాడు, 1908లో ప్రభుత్వం తీసుకుంది, తరువాత బేగంపేటకు మారింది. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఫోటోలు తీసి ప్రతి నక్షత్రం స్థానం పట్టికలో రాయాలని నిర్ణయించి, ఆకాశాన్ని వాటాలు పంచుకున్నారు. కొందరు తమ వాటా చేయలేకపోయారు. చిలీలోని శాంటియాగో వదిలేసిన భాగాన్ని, జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన దానిలో కొంత భాగాన్ని హైదరాబాద్ పూర్తి చేసింది. గాజు పలక మీద చుక్కను చూడడం, అడ్డం ఎంత, నిలువు ఎంత అని రాయడం, మళ్ళీ చుక్క, మళ్ళీ రాయడం. లక్షల సార్లు, ఏళ్ళ తరబడి. నాకు మాత్రం ఈ దారి మొత్తంలో అత్యంత ఇష్టమైన పని ఇదే. పేరు రాదు, పదవి రాదు, పట్టిక మాత్రం నిలుస్తుంది.

గుంటూరు: అయిదు నిమిషాల చీకటి

కాజీపేట నుంచి విజయవాడ వైపు పోయి కృష్ణ దాటితే గుంటూరు. మిరపకాయల గుంటూరే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఆ ఊరి మీదుగా పోయింది. అయిదు నిమిషాలకు పైగా చీకటి. పారిస్ నుంచి జూల్ జాన్సెన్ అక్కడికి వచ్చాడు, ఇంగ్లీషువాళ్ళ తరఫున టెన్నెంట్ కూడా గుంటూరులోనే దిగాడు. మద్రాసు నక్షత్రశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తికి ఒక బృందాన్ని తీసుకెళ్ళాడు. అంతకు ముందు ఏడాది, 1867లో, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక నక్షత్రాన్ని కనిపెట్టినవాడు ఆయన.

సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలల వెలుగును గాజు పట్టకంతో విడదీసి చూస్తే జాన్సెన్‌కు మెరిసే గీతలు కనబడ్డాయి. అంటే ఆ జ్వాలలు మండే వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు కదా అని ఆయనకు తోచింది. మర్నాడు పొద్దున్నే, మామూలు ఎండలో, గుంటూరులోనే చూశాడు, కనబడ్డాయి. గ్రహణం కోసం ఏళ్ళ తరబడి కాచుకునే అవసరం ఆ పొద్దుతో తీరిపోయింది. ఇదే పద్ధతిని ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ తనంత తాను కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీలో ఒకే రోజు, 1868 అక్టోబర్ 26న, వినిపించారు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం ముద్రించింది. రాస్, గ్రాస్సీలకు లేని అదృష్టం!

ఇక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు ఒక హెచ్చరిక. చాలా క్విజ్ పుస్తకాల్లో "హీలియంను గుంటూరులో జాన్సెన్ కనుగొన్నాడు" అని ఉంటుంది. ఆ వాక్యం అంత సూటిగా నిజం కాదు. ఆ రోజు పరిశీలకులకు ఒక పసుపు గీత కనబడింది. అది సోడియం గీత అనుకున్నవాళ్ళున్నారు. సోడియం స్థానంతో అది సరిపోవడం లేదని పాగ్సన్‌కు అనుమానం వచ్చింది. అదే అక్టోబరులో లాకియర్ దాని స్థానాన్ని కచ్చితంగా చూసి, ఇది మనకు తెలిసిన ఏ పదార్థానిదీ కాదన్నాడు. సూర్యుని గ్రీకు పేరు మీద హీలియం అయింది. భూమి మీద అది దొరికింది 1895లో, లండన్‌లో విలియం రామ్సే ప్రయోగశాలలో. పరీక్షలో గుంటూరు, 1868, జాన్సెన్ అని గుర్తు పెట్టండి, మార్కు వస్తుంది. మనసులో మాత్రం పూర్తి లెక్క ఉంచుకోండి.

ఈ జాన్సెనే 1870 డిసెంబరులో పారిస్‌ను శత్రువులు చుట్టుముట్టి ఉండగా, ఇంకో గ్రహణం కోసం గాలి బుడగ ఎక్కి ఊరి బయటకు ఎగిరిపోయాడు. తీరా ఆల్జీరియా చేరితే ఆ రోజు మబ్బు పట్టింది.

ఎలా వెళ్ళాలి, ఏం రాయాలి

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పెళ్ళికో, జాతరకో, ఆసుపత్రికో ఈ ఊళ్ళకు మనం ఎలాగూ వెళుతూనే ఉంటాం. అర పూట మిగిల్చుకోవడమే కావలసింది. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. వెళ్ళిన తేదీ, సమయం రాయండి. ఇక్కడ ఏమి కొలిచారు, ఈ ఊళ్ళోనే ఎందుకు కొలిచారు అని రాయండి. ఉదాహరణకు గ్రహణం నీడ గుంటూరు మీద పడింది కనుక జాన్సెన్ గుంటూరు వచ్చాడు. బొగ్గు ఇక్కడ ఉంది కనుక గోండ్వానా అన్న పేరు ఇక్కడి నుంచి వెళ్ళింది. ఆ పనిలో ఎవరి పేరు రాతి మీద ఉంది, ఎవరిది లేదు అన్నది కూడా రాయండి. గొలుసు పరిచినవాళ్ళు, థియోడొలైట్ మోసినవాళ్ళు, గాజు పలకల మీద చుక్కలు లెక్కపెట్టినవాళ్ళు మనలాంటి ఇళ్ళ నుంచే వచ్చారు. వాళ్ళలో ఒక్క హుసేన్ ఖాన్ పేరు మిగిలిందంటే, రాస్ ఆ ఎనిమిది అణాల లెక్క రాసిపెట్టాడు కాబట్టి.

దహావీ చదివేవాళ్ళు ప్రయాణం దాకా ఆగనక్కరలేదు. ఆదివారం పొద్దున నీళ్ళు తక్కువగా ఉన్న రోజుల్లో, ఇంట్లో పెద్దవాళ్ళను వెంట తీసుకుని ఇరై ఒడ్డుకు వెళ్ళండి. ఒక టేపు, రెండు మేకులు, కంపాసు పెట్టెలోని కోణమాపకం, దాని మధ్యన కట్టిన దారం చాలు. 100 మీటర్లకు చోటు లేకపోతే 50 మీటర్లే తీసుకోండి. ఒకసారి కొలిచి ఆపవద్దు. అయిదుసార్లు కొలవండి, ప్రతిసారీ వేరే పిల్లవాడు కోణం చూడాలి. అయిదు జవాబులు వేరువేరుగా వస్తాయి. ఏదీ కొట్టివేయకుండా, సగటుతో పాటు అయిదూ నోటుబుక్కులో రాయండి.